ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు పదాలు: తికమక ఎక్కడ మొదలవుతోంది?

క్లుప్తంగా: ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు పదాలు వెతకడం పోటీ పరీక్షల్లోనూ ఫోన్ ఆటల్లోనూ తరచూ ఎదురయ్యే పని. దీనికి బోలెడు పదాలు తెలిసి ఉండాలన్నది సగమే నిజం. ప్రశ్న పెట్టిన షరతును సరిగా చదవడం, ఇంగ్లీషు అక్షరాలు పదంలో ఎక్కడెక్కడ కూర్చుంటాయో తెలియడం అంతకన్నా ఎక్కువగా పనికొస్తాయి. తెలుగు మీడియంలో చదివినవారి ఇబ్బందికి అసలు కారణం మాటను చెవితో విడగొట్టే అలవాటు. జవాబుల మీద వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం నిఘంటువు.

పోటీ పరీక్షల నోటిఫికేషన్ ఏది వచ్చినా నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి పట్టణాల్లో రీజనింగ్ క్లాసులు కిటకిటలాడతాయి. ఆ క్లాసుల్లో అభ్యర్థులు ఆగిపోయే చోటు ఒకటుంది. నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి, వాటితో అర్థమున్న పదాలు ఎన్ని వస్తాయని అడుగుతారు. లేదా పొడుగాటి పదం ఒకటి ఇచ్చి, దాని అక్షరాలతో కింది నాలుగింటిలో ఏది తయారు కాదని అడుగుతారు. బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), రైల్వే పరీక్షలకు చదివేవారందరికీ ఇవి పరిచయమే. దాచిన ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఊహించి పట్టుకునే వర్డిల్ ఆట 2021 అక్టోబరులో జనంలోకి వచ్చాక ఇదే పని ఫోన్‌లోకీ ఎక్కింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటను కొనుక్కున్న తర్వాత ఆడేవారు ఇంకా పెరిగారు.

“తెలిసిన పదమే, టైమ్‌కి తట్టలేదు” అన్నది పరీక్ష హాలు బయట ఎక్కువగా వినిపించే మాట. అందులో నిజముంది. మనిషి మాటలను అర్థాన్ని బట్టి, పలుకును బట్టి గుర్తు పెట్టుకుంటాడు. ఆసుపత్రి అనగానే హాస్పిటల్ అన్న పదం తడుతుంది, నర్సు తడుతుంది, మందులు తడతాయి. “ఎస్, టీ, ఓ, పీ నాలుగూ ఉన్న పదం చెప్పు” అంటే మాత్రం హాస్పిటల్ గుర్తుకు రాదు. ఆ నాలుగు అక్షరాలూ దానిలో ఉన్నా సరే. కాబట్టి పదం తెలియడం ఒక పని, దాన్ని అక్షరాల ద్వారా బయటకు తీయడం వేరే పని. రెండోదానికి విడిగా సాధన కావాలి.

షరతు మారితే జవాబు మారుతుంది

పైన చెప్పిన నాలుగు అక్షరాలనే తీసుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. ఎస్, టీ, ఓ, పీ. “ఈ నాలుగింటినీ ఒక్కోసారి మాత్రమే వాడి, ఏదీ మిగల్చకుండా” అంటే స్టాప్, పోస్ట్, స్పాట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్ అని ఆరు పదాలు వస్తాయి. “ఈ అక్షరాల్లో కొన్నింటితోనైనా సరే” అంటే టూ, సో, టాప్, పాట్, ఆప్ట్ వంటి చిన్న పదాలూ జాబితాలో చేరతాయి. “ఈ నాలుగూ ఉండాలి, వేరేవి ఉన్నా ఫరవాలేదు” అంటే స్పోర్ట్, పోస్టర్, హాస్పిటల్ లెక్కలోకి వస్తాయి. “ఇదే వరుసలో, పక్కపక్కనే” అంటే హాస్పిటల్ పోతుంది, నాన్‌స్టాప్ మిగులుతుంది. “రెండో చోట టీ, నాలుగో చోట పీ ఉన్న నాలుగక్షరాల పదం” అంటే స్టాప్‌తో పాటు ఓ అక్షరమే లేని స్టెప్ కూడా సరైన జవాబే.

అక్షరాలు అవే. ప్రశ్నలు మాత్రం ఐదు. వేగంగా చదివేవారు మొదటిదానికీ రెండోదానికీ తేడా గమనించకుండా జవాబు గుర్తిస్తారు. “ప్రతి అక్షరాన్నీ ఒక్కసారి మాత్రమే వాడి” అన్న చిన్న షరతు ప్రశ్నలో చివరన ఉంటుంది. చాలామందికి మార్కులు పోయేది అక్కడే.

ఒకే అక్షరం రెండుసార్లు అవసరమయ్యే పదం మరో ఉచ్చు. ఎగ్జామినేషన్ అన్న పదం ఇచ్చారనుకుందాం. అందులో ఏ, ఐ, ఎన్ రెండేసి ఉన్నాయి. ఈ, ఎక్స్, ఎమ్, టీ, ఓ ఒక్కొక్కటే. దీని నుంచి నేషన్, నామినేట్, యానిమేట్, మోషన్‌లలో ఏది రాదు? మోషన్ చూస్తే ఎమ్ ఉంది, ఓ ఉంది, టీ ఉంది, ఐ ఉంది, ఎన్ ఉంది. కన్ను అన్నింటికీ తలూపేస్తుంది. కానీ మోషన్‌కు ఓ రెండు కావాలి, ఉన్నది ఒక్కటే. కాబట్టి రానిది మోషనే. అదే నామినేట్‌కు ఎన్ రెండు కావాలి, రెండూ ఉన్నాయి. పొడుగ్గా ఉన్న పదం అనుమానం పుట్టిస్తుంది, పొట్టి పదం నమ్మిస్తుంది. ప్రశ్న తయారుచేసేవారు సరిగ్గా దీన్నే వాడుకుంటారు.

ఇలాంటి ప్రశ్నల్లో పదం వెతకాల్సిన పనే లేదు. ఇచ్చిన నాలుగింటిని సరిచూస్తే చాలు. డిగ్రీ చదివినవారికి ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే సగటున ఒక్కోదానికి 36 సెకన్లు. తప్పు జవాబుకు 0.50 మార్కు కోత. ఆ టెన్షన్‌లో నాలుగు పదాలనూ అక్షరం అక్షరం కొట్టేసుకుంటూ పోవడం కన్నా, ఆప్షన్లలో ఏ అక్షరం రెండుసార్లు వచ్చిందో ముందు చూసి, అది మూల పదంలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టడం త్వరగా తేలే దారి. అక్కడ తేలకపోతే అప్పుడు మిగతా అక్షరాల వైపు వెళ్లొచ్చు.

తెలుగు అక్షరం, ఇంగ్లీషు అక్షరం

తెలుగులో రాసినదాన్ని విడగొట్టమంటే పలుకు ప్రకారం విడగొడతాం. నల్గొండ అంటే న, ల్గొం, డ. మూడు అక్షరాలు. వాటిని ఎన్ని రకాలుగా మార్చి పేర్చినా ఆరు కూర్పులే. అదే పేరును ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు: ఎన్, ఏ, ఎల్, జీ, ఓ, ఎన్, డీ, ఏ. ఎన్ రెండు, ఏ రెండు కాబట్టి కూర్పులు 10,080. అదే ఊరు, అదే పేరు. ఒక లిపిలో ఆరు, ఇంకో లిపిలో పదివేల పైచిలుకు.

ఈ తేడా లెక్కల దగ్గరే ఆగదు. తెలుగులో హల్లు, దాని వత్తు, దానికి అంటిన గుణింతం, పక్కన సున్నా కలిసి ఒకే అక్షరంగా కుదురుకుంటాయి. ల్గొం అన్నదాన్ని ఎవరూ నాలుగు ముక్కలుగా చూడరు. పత్రికల్లో వచ్చే తెలుగు గళ్ల నుడికట్టులో కూడా ఒక గడికి ఒక అక్షరం, గుణింతంతో సహా. ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో గడికి పడేది 26లో ఒకటి మాత్రమే. అందుకే అడ్డంగా నింపిన పదంలోని అక్షరం నిలువు పదానికి అక్కడ తేలిగ్గా అతుకుతుంది. తెలుగులో అడ్డం పదంలోని ‘ల్గొం’ నిలువు పదానికి కూడా పనికిరావాలంటే కూర్చేవారు చాలా కష్టపడాలి.

పలుకును నమ్ముకునే అలవాటుతో ఇంగ్లీషు అక్షరాల వేటకు దిగితే అడుగడుగునా దెబ్బ తగులుతుంది. నైట్ అన్న మాట విన్న చెవికి జీ, హెచ్ వినపడవు. ఇచ్చిన అక్షరాల్లో జీ, హెచ్ ఉంటే వాటిని గ, హ పలికే పదాల కోసం వాడాలని మనసు చూస్తుంది. కే, ఎన్ పక్కపక్కన ఉంటే క్న అన్న పలుకు తెలుగులో మొదట్లో రాదు కాబట్టి ఆ జతను వదిలేస్తుంది. నీ, నైఫ్, నో లాంటి పదాలు అక్కడే చేజారతాయి. ఈ అన్న అక్షరం మాట చివర ఉండి పలకకపోవడం ఇంకా పెద్ద సమస్య. రేట్, టేప్, నేమ్ అని తెలుగులో రాసుకుంటే ఆ ‘ఈ’ ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యత అన్నింటికన్నా తక్కువగా, 55 శాతం దగ్గర నమోదైంది మహబూబ్‌నగర్ జిల్లాలోనే. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న తరం ఇక్కడ ఎక్కువ. వారికి ఇంగ్లీషు పదం ముందు చెవికి అందుతుంది, ఆ తర్వాత కంటికి. అక్షరాల ప్రశ్నలు మాత్రం కంటికి పెట్టే పరీక్షలు. ఈ ప్రశ్నల్లో వెనకబడటాన్ని ఇంగ్లీషు రాకపోవడంగానో తెలివి తక్కువగానో చూడటం అన్యాయం. అలవాటైన కొలత వేరు, అడిగిన కొలత వేరు, అంతే. రాసి చూడటం, స్పెల్లింగ్‌ను అక్షరం పొల్లుపోకుండా మనసులో బొమ్మ కట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. వినికిడి ఇక్కడ సాయం చేయదు.

పొడుగు పేరు, తక్కువ పదాలు

ఎక్కువ అక్షరాలిస్తే ఎక్కువ పదాలు వస్తాయని అనిపిస్తుంది. దక్షిణ తెలంగాణలోని రెండు ఊళ్ల పేర్లే దీన్ని కాదంటాయి.

మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో 11 అక్షరాలతో రాస్తారు. హెచ్ తర్వాత ఇంకో ఏ చేర్చి 12తో రాసేవారూ ఉన్నారు. తెలుగు పలుకును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడంలో ఉన్న అనిశ్చితి అది. 11 అక్షరాల రూపమే చూస్తే ఎమ్, హెచ్, యూ, ఎన్, జీ, ఆర్ ఒక్కొక్కటి, బీ రెండు, ఏ మూడు. వచ్చే పదాలు హ్యూమన్, అర్బన్, హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు), బర్న్, హార్మ్, గ్రాబ్, గ్రామ్. హాంబర్గ్ అన్న జర్మనీ నగరం పేరులోని ఏడక్షరాలూ ఇందులో ఉండటం చిత్రమే కానీ, ఊరి పేరు కాబట్టి పరీక్షలో లెక్కకు రాదు. ఇంకా వెతికితే మరికొన్ని చిన్న పదాలు దొరుకుతాయి. పెద్దవి దొరకడం కష్టం.

సూర్యాపేటకు ఎనిమిదే అక్షరాలు: ఎస్, యూ, ఆర్, వై, ఏ, పీ, ఈ, టీ. ఏదీ రెండోసారి రాదు. పాశ్చర్ అనే ఏడక్షరాల పదం, పేస్ట్రీ, ష్యూరిటీ, ప్యూరెస్ట్, ఎరప్ట్స్, స్ప్రే, పార్టీ, ఈస్ట్, సూపర్, అప్‌సెట్, పేస్ట్, ట్రూ, ప్యూర్ అన్నీ ఇందులోనివే. ట్రెజరీ కూడా వస్తుందనిపిస్తుంది. దానికి ఆర్ రెండు కావాలి కాబట్టి రాదు. పీ తీసేసి ఇంకో ఆర్ పెడితే సూర్యాపేట సరిగ్గా ట్రెజరీ అవుతుంది.

తేడాకు కారణం అక్షరాల రకం. ఇంగ్లీషు రాతలో ఎక్కువగా కనపడే అక్షరాల వరుస ఈ, టీ, ఏ, ఓ, ఐ, ఎన్, ఎస్, హెచ్, ఆర్ అని సాగుతుంది. మామూలు వాక్యాల్లో ప్రతి 100 అక్షరాలకు ‘ఈ’ 12 సార్లకు పైగా, టీ తొమ్మిది సార్ల దాకా వస్తాయి. మహబూబ్‌నగర్‌లో ఈ, టీ, ఓ, ఐ, ఎస్ ఐదూ లేవు. సూర్యాపేటలో ఈ, టీ, ఏ, ఎస్, ఆర్ ఉన్నాయి. పైగా ఎస్ ఉంటే బహువచనాలు, ఈ ఉంటే పలకని ముగింపులు, ఆర్‌తో కలిస్తే “ఈ-ఆర్” ముగింపులు వాటంతట అవే పుడతాయి.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న పండితుడు అల్ కిందీ రహస్య లేఖలను ఛేదించడానికి ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పద్ధతి రాసిపెట్టాడు. టెలిగ్రాఫ్ కాలంలో మోర్స్ కోడ్‌లో ఈకి ఒక చుక్క, టీకి ఒక గీత ఇచ్చింది కూడా అవి తరచూ వస్తాయనే. 1930లలో అమెరికాలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి, అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఒక ఆట తయారు చేశాడు. 1948లో స్క్రాబుల్ అన్న పేరు పెట్టుకున్నది అదే. దానిలోని 100 బిళ్లల్లో ‘ఈ’ 12, ఏ, ఐ తొమ్మిదేసి, క్యూ, జెడ్ ఒక్కొక్కటే. ఎస్ మాత్రం నాలుగే ఉంటాయి. చివర ఎస్ తగిలించి బహువచనం చేసేసే తేలిక దారిని బట్స్ కావాలనే ఇరుకు చేశాడు. సూర్యాపేటకు అన్ని పదాలు రావడంలో ఎస్ పాత్ర చూస్తే ఆయన జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది.

720లో అర్థమున్నవి ఎన్ని?

ఇంటర్ ఎంపీసీ చదివినవారికి మాస్టర్ అన్న పదం మరవలేనిది. ప్రస్తారాలు, సంయోగాల పాఠంలో దాని ఆరు అక్షరాలను అన్ని రకాలుగా పేర్చి, నిఘంటువు వరుసలో పెడితే మాస్టర్ ఎన్నోదని అడుగుతారు. జవాబు 257. చేసే తీరు కూడా కంఠతా ఉంటుంది. ముందు ఏ, ఈ లతో మొదలయ్యేవి 240, ఆ తర్వాత 12, తర్వాత 4, చివరికి ఒకటి.

ఆ లెక్క 720 కూర్పులనూ సమానంగా చూస్తుంది. వాటిలో అర్థమున్నవి ఎన్నో దానికి అక్కర్లేదు. రీజనింగ్ ప్రశ్నకు కావాల్సింది అదొక్కటే. మామూలు నిఘంటువు ప్రకారం ఆ 720లో మాస్టర్, స్ట్రీమ్, టేమర్స్ కనిపిస్తాయి. అరుదైన పదాల జాబితాలు తీస్తే ఇంకో కొన్ని చేరతాయి. మిగతా ఏడొందల పైచిలుకు ఉత్త కూర్పులే. ఒక్కోదాన్నీ రాసి చూస్తూ పోతే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అవుతుంది.

కోచింగ్‌లో నేర్పే “ఈజోటీ” కూడా ఇక్కడే కలగాపులగమవుతోంది. ఈ 5, జే 10, ఓ 15, టీ 20, వై 25 అని అక్షరాల స్థానాలు గుర్తుంచుకునే చిట్కా అది. వరుస అడిగే ప్రశ్నలకు, అక్షరాల మధ్య దూరం అడిగే ప్రశ్నలకు బంగారం. అర్థమున్న పదం పట్టడానికి దానితో పని లేదు. 36 సెకన్లలో ముందు స్థానాల నంబర్లు వేసుకుంటూ కూర్చునే అభ్యర్థి తప్పు పనిముట్టు తీశాడన్న మాట.

కన్ను ఎక్కడ పట్టుకోవాలి?

కూర్పులు వేలల్లో ఉన్నా, ఇంగ్లీషు వాటిలో చాలావాటిని మొదట్లోనే కాదనేస్తుంది. ఆ కాదనేవి తెలిస్తే వెతకాల్సిన జాగా బాగా తగ్గుతుంది.

మాస్టర్ అక్షరాలనే మళ్లీ చూద్దాం. అచ్చులు ఏ, ఈ రెండే. హల్లులు ఎమ్, ఎస్, టీ, ఆర్ నాలుగు. నాలుగు హల్లులు విడివిడిగా ఉండాలంటే అచ్చులు చాలవు. కాబట్టి రెండో మూడో అతుక్కోవాలి. ఎస్-టీ, టీ-ఆర్ జతలు ఇంగ్లీషులో బాగా నడుస్తాయి. రెండూ కలిసి ఎస్-టీ-ఆర్ అని పదం మొదట్లో కూడా వస్తుంది. ఆ మూడూ ముందు పెట్టేస్తే మిగిలినవి ఈ, ఏ, ఎమ్. స్ట్రీమ్ చేతికొచ్చినట్టే. ఎమ్-టీ, ఆర్-ఎమ్, టీ-ఎమ్ జతలతో మామూలు పదాలేవీ మొదలుకావు. చివరి వైపు నుంచి చూస్తే ఈ-ఆర్ ముగింపు ఉంది. దాన్ని పక్కన పెడితే ఎమ్, ఏ, ఎస్, టీ మిగిలి మాస్టర్ వస్తుంది. ఈ-ఆర్-ఎస్ పక్కన పెడితే టీ, ఏ, ఎమ్ మిగిలి టేమర్స్ వస్తుంది. మూడు ప్రయత్నాలు, మూడు పదాలు. 720 కూర్పుల జోలికే పోలేదు.

అచ్చులూ హల్లులూ విడదీయడం, ముగింపులను ముందుగా పక్కకు తీయడం, జతకట్టే హల్లులను ఒక్క ముక్కగా చూడటం అన్న మూడు పనులూ కలిస్తే చాలావరకు సరిపోతుంది. ఐ-ఎన్-జీ, ఈ-డీ, ఈ-ఎస్-టీ, టీ-ఐ-ఓ-ఎన్ ముగింపుల్లో ఏది కుదురుతుందో చూడటం అలవాటైతే పొడుగు పదాలు కూడా లొంగుతాయి.

కొన్ని అక్షరాల మొండితనం కూడా మేలే చేస్తుంది. వీ, జే లతో ఇంగ్లీషు పదాలు దాదాపు ముగియవు. వీ ఉంటే దాని వెనక ఈ ఉండే అవకాశం ఎక్కువ, హ్యావ్, గివ్ లాగా. క్యూ ఉంటే పక్కన యూ వెతకాలి. యూ లేకుండా క్యూ వచ్చే పదాలు ఇంగ్లీషు నిఘంటువుల్లో కొన్నే, వాటిలో చాలా అరబ్బీ, ఉర్దూల నుంచి వెళ్లినవి. ఖవ్వాలీ, ఖాజీ, ఫకీర్ ఆ కోవలోవి. పాలమూరు ఊళ్లలో రోజూ వినే మాటలివి. కానీ ఇంగ్లీషు పదాల జాబితాలో ఉంటాయని తెలియక వదిలేస్తారు.

అవధానం నుంచి వర్డిల్ దాకా

తెలుగువారికి అక్షర నిబంధన కొత్త కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాత రాకూడని అక్షరం ఏదో చెబుతాడు. న్యస్తాక్షరి ఉంది. పద్యంలో ఏ పాదంలో ఎన్నో చోట ఏ అక్షరం ఉండాలో ముందే నిర్ణయిస్తారు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యం అక్షరాలను వరుస తప్పించి, ఒక్కోటి ఎన్నో స్థానమో చెబుతూ మధ్యమధ్యలో అందిస్తారు. అవధాని వాటిని చివరికి వరుసలో పెట్టి చెప్పాలి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పిలిచి ఇలాంటి సభలు నడిపించిన నేల ఇది. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు.

వర్డిల్‌ను ఆ కళ్లతో చూస్తే నియమం వెంటనే అర్థమవుతుంది. ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. బూడిద రంగు పడితే ఆ అక్షరం నిషిద్ధం. ఆకుపచ్చ పడితే అది ఆ చోట న్యస్తం. పసుపు పడితే అక్షరం ఉంది కానీ చోటు వేరు. పోలిక ఇంతవరకే. అవధాని కట్టేది పద్యం, ఛందస్సూ అర్థమూ రెండూ నిలబెట్టాలి. వర్డిల్ ఆడేవారు ముందే ఉన్న జాబితాలో నుంచి ఒకదాన్ని ఏరాలి.

ఆ జాబితా మొదట్లో 2,300 పైచిలుకు పదాలది. ప్రయత్నంగా వేయడానికి అప్పుడు ఒప్పుకున్న పదాలు సుమారు 13,000. ఐదు గళ్లకు మూడేసి రంగుల చొప్పున ఒక ప్రయత్నానికి వచ్చే రంగుల కూర్పులు గరిష్ఠంగా 243. కాబట్టి మంచి మొదటి పదమంటే జాబితాను వీలైనన్ని చిన్న గుంపులుగా చీల్చేది. ఈ, ఏ, ఆర్, ఎస్, టీ, ఎల్, ఎన్ ఉన్న పదాలను ముందు వేయమని చెప్పడం అందుకే.

ఎక్కువమంది ఓడిపోయేది మాత్రం చివర్లో. ఐ-జీ-హెచ్-టీ నాలుగూ ఆకుపచ్చగా వచ్చాయనుకుందాం. లైట్, నైట్, రైట్, సైట్, ఫైట్, మైట్, టైట్, ఎయిట్. ఎనిమిది పదాలు, ఒక్క మొదటి అక్షరమే తేడా. ఒక్కోటీ వేస్తూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. ఇక్కడ గెలవడానికి ఒక ప్రయత్నం కావాలనే వదులుకోవాలి. ఫిల్మ్స్ అని బహువచనంలో వేస్తే ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. అది జవాబు కాదని తెలిసే వేస్తారు. దానితో ఎనిమిది కాస్తా ఒక్కటికి గానీ, నాలుగింటికి గానీ దిగుతుంది. జవాబు దగ్గర పడుతున్న కొద్దీ జవాబునే వెయ్యాలన్న ఆత్రం పెరుగుతుంది. నిదానంగా ఆడేవారికీ మిగతావారికీ తేడా అక్కడే.

యంత్రం ఎలా వెతుకుతుంది?

ఫోన్‌లో అక్షరాలు కొట్టగానే పదాల జాబితా వచ్చేస్తుంటే, అది అన్ని కూర్పులూ వేసి చూస్తుందని చాలామంది అనుకుంటారు. అలా చేయదు. సూర్యాపేట ఎనిమిది అక్షరాల నుంచి ఒక అక్షరం మొదలు ఎనిమిది దాకా వచ్చే కూర్పులు 1,09,600. అంత పని అక్కర్లేదు.

దాని కిటుకు చాలా సరళం. నిఘంటువులోని ప్రతి పదం అక్షరాలనూ ముందే అకారాది వరుసలో పేర్చి పెట్టుకుంటుంది. మాస్టర్‌ను అలా పేరిస్తే ఏ, ఈ, ఎమ్, ఆర్, ఎస్, టీ. స్ట్రీమ్‌ను పేర్చినా అదే. టేమర్స్‌ను పేర్చినా అదే. ఒకే వరుస వచ్చినవన్నీ ఒకే అరలో ఉంటాయి. ఇక ఇచ్చిన అక్షరాలను పేర్చి ఆ అర తెరిస్తే సరి. కొన్ని అక్షరాలే వాడొచ్చు అన్నప్పుడు కూడా, సూర్యాపేట అక్షరాల నుంచి ఏరగలిగే గుంపులు 255 మాత్రమే. 255 అరలు తెరిస్తే అన్ని పదాలూ బయటికొస్తాయి.

“ఈ అక్షరాలన్నీ ఉండాలి, వేరేవి ఉన్నా సరే” అన్న ప్రశ్నకు ఈ అరలు సరిపోవు. అక్కడ ప్రతి పదానికీ 26 స్విచ్‌లు పెట్టినట్టు గుర్తు వేసుకుంటుంది, ఉన్న అక్షరానికి ఆన్, లేనిదానికి ఆఫ్. అడిగిన స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉన్న పదాలను ఏరుతుంది. రెండు లక్షల పైచిలుకు పదాలను ఇలా జల్లించడం ఫోన్‌కు రెప్పపాటు పని. చోట్లు కూడా చెబితే, పదాలను మొదటి అక్షరం నుంచి కొమ్మలు కొమ్మలుగా విడదీసి దాచుకున్న పట్టికలో దిగుతుంది, కుదరని కొమ్మను అక్కడే వదిలేస్తుంది. ఆండ్రూ అపెల్, గై జేకబ్‌సన్ 1988లో ఇలాంటి పట్టికతోనే స్క్రాబుల్ ఆడే వేగవంతమైన ప్రోగ్రామ్‌ను వివరించారు.

ఇందులో మనిషికి పనికొచ్చేది మొదటి కిటుకు. రెండు పదాల్లో అక్షరాలు ఒకటేనా అని తేల్చాలంటే రెండింటినీ అకారాది వరుసలో రాసి పక్కపక్కన పెట్టి చూడటం అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి. పరీక్షలో ఆ టైమ్ ఉండదు, సాధనలో ఉంటుంది. యాప్‌ను జవాబు కోసం ముందే తెరిచేసేవారికి ఈ లాభం దక్కదు. తాము రాసుకున్న జాబితాలో ఏవి తప్పిపోయాయో చూసుకోవడానికి తెరిచేవారికి దక్కుతుంది.

ఏ నిఘంటువు ప్రకారం?

ఇంత చేశాక కూడా జవాబు మీద గొడవ రావచ్చు. ఏ, ఈ, ఆర్, టీ ఇచ్చి, ఒక్కోసారి మాత్రమే వాడి ఎన్ని పదాలు వస్తాయని అడిగారనుకుందాం. ఆప్షన్లు ఒకటి, రెండు, మూడు, మూడుకు పైన. రేట్, టియర్ అందరికీ తడతాయి. అక్కడితో ఆగినవారు రెండు అని పెడతారు. మూడోది టేర్. పుస్తకాల్లో అరుదు. కానీ మిర్యాలగూడలో మిల్లు దగ్గర వడ్ల లారీని వే బ్రిడ్జి ఎక్కించి స్లిప్పు తీసుకున్న ప్రతి రైతూ చూసే మాట అది. మొత్తం బరువు గ్రాస్, ఖాళీ బండి బరువు టేర్, మిగిలింది నెట్. కాబట్టి జవాబు మూడు. స్క్రాబుల్ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితా చూస్తే అరెట్ అని ఇంకో పాత పదం కూడా ఉంది. దాని ప్రకారం మూడుకు పైన.

రెండు అన్న జవాబు తప్పు. మూడు, మూడుకు పైన అన్న రెండింటికీ ఆధారం ఉంది. కాలిన్స్ జాబితాలో సుమారు 2,80,000 పదాలుంటే, అమెరికాలో పోటీలకు వాడే జాబితాలో రెండు లక్షల లోపే ఉన్నాయి. బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికా స్పెల్లింగ్ తేడా మరో చిక్కు. కలర్‌లో యూ ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి అక్షరాల సంఖ్యే మారుతుంది. బహువచనాలు, క్రియల భూతకాల రూపాలు వేరే పదాలుగా లెక్కించాలా అన్నదీ చాలా ప్రశ్నల్లో స్పష్టంగా ఉండదు. స్టాప్ అక్షరాల్లో పాట్స్, టాప్స్, ఆప్ట్స్‌ను ఒప్పుకుంటే ఆరు, కాదంటే మూడు.

“ఏది రాదు” అని అడిగే ప్రశ్నకు ఈ చిక్కు లేదు. మోషన్‌కు రెండో ఓ లేకపోవడం ఏ నిఘంటువు తెరిచినా మారదు. “ఎన్ని వస్తాయి” అని అడిగే ప్రశ్నకు మాత్రం ఒక పేరున్న నిఘంటువు, బహువచనాల మీద ఒక మాట ప్రశ్నలోనే ఉండాలి. అవి లేకుండా అడిగినప్పుడు అభ్యర్థికి ఉన్న సురక్షితమైన దారి మామూలు విద్యార్థి నిఘంటువును ప్రమాణంగా పెట్టుకుని, ఎస్ తగిలించి వచ్చే రూపాలను కూడా లెక్కలోకి తీసుకుని, యాప్ మాత్రమే చూపించే అరుదైన పదాలను వదిలేయడం. కీ విడుదలయ్యాక అభ్యంతరం పెట్టాలనుకునేవారు నిఘంటువు పేరు, పేజీ జత చేస్తే వాదనకు బలం ఉంటుంది. యాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే ఆ యాప్ ఏ జాబితా వాడిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.